ఎర్ర మూత సీసా

"మీది కడుపా, ఇనప్పెట్టెనా?"

సోయాపాల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో రిజిస్టర్ ముందుకు తోసి అడిగింది ల్యాబ్ అమ్మాయి. ఎదురుగా బాయిలర్ మెకానిక్ నిలబడి ఉన్నాడు.

ఆమెను అందరూ పూసల మేడం అంటారు. అలాగని మెడలో ఒక్క పూసైనా ఉండదు. జిగురు పూసల్లో ఎంజైమ్‌ని బంధించి, వాటిని గాజు గొట్టంలో నింపి, అందులోంచి సోయాపాలు పోనిస్తుంది. మనిషి కడుపు అరిగించుకోలేని చక్కెరల్ని ఆ ఎంజైమ్ ముక్కలు చేస్తుంది. పాలు కిందికి దిగిపోతాయి, పూసలు మర్నాటి పాలకోసం గొట్టంలోనే ఉంటాయి. దీంతో కడుపుబ్బరం, గ్యాస్ తగ్గుతాయని ఆమె నమ్మకం.

నమ్మకం ఒక్కటే చాలదు కదా! అందుకే వాచ్‌మన్ తాతతో సహా ఆరుగురు వర్కర్లకి రెండు వారాలపాటు ఒకరోజు ఎర్ర మూత సీసా, ఒకరోజు నీలం మూత సీసా ఇచ్చింది. ఏవి గొట్టంలోంచి వచ్చిన పాలో చెప్పలేదు. సాయంత్రం ఎవరి కడుపు సంగతి వాళ్లు రిజిస్టర్‌లో రాయాలి.

"రోజూ ముందు మీరు 'ఏమీ లేదు' అని రాశారు. మీ కింద ఐదుగురూ పైన రాసినట్టే అని రెండేసి గీతలు గీసి చేతులు దులుపుకున్నారు!"

"అదీ... నిజంగానే ఏమీ..."

"తేడా లేకపోతే గొట్టం పీకించేస్తానన్నారు మేనేజర్ గారు. ఇంకో వారమే గడువు." ఆమె గొంతు తగ్గింది. "మా అమ్మకి మామూలు పాలు పడవు. సోయాపాలు తాగితే కడుపుబ్బరం. నలుగురిలో కూర్చోడమే మానేసింది. ఆవిడ కోసమే ఇదంతా మొదలెట్టాను. అయినా మీకెందుకులెండి, నన్ను చూస్తే చాలు బాయిలర్ వెనక్కి పారిపోతారు."

విసవిసా వెళ్లిపోయింది.

అతనికి తల కొట్టేసినట్టయింది. పారిపోయిన మాట నిజమే. ఎర్ర మూత రోజుల్లో మధ్యాహ్నమయ్యేసరికి కడుపులో గుడగుడలు మొదలయ్యేవి. ఆమె సరిగ్గా అప్పుడే ఖాళీ సీసాల కోసం వచ్చేది. మనసు పడ్డ అమ్మాయి ముందు పరువు పోతే ఇంకేమైనా ఉందా? దాన్ని ఆమె చదివే రిజిస్టర్‌లో రాయడమంటే మరీ సిగ్గు.

పరీక్ష మళ్లీ మొదలైంది. ఈసారీ ముందు అతనే రాశాడు. "ఎరుపు. ఉబ్బరం. గ్యాస్ నాలుగుసార్లు." అది చూసి మిగతావాళ్లకీ ధైర్యమొచ్చి ఎవరి లెక్క వాళ్లు రాశారు. శనివారం రిమార్కుల గడిలో అతను ఇంకో రెండు ముక్కలు చేర్చాడు. "నేను పారిపోయేది ఈ గొడవ వల్లే. మీరంటే నాకు చాలా ఇష్టం."

సోమవారం వాన దంచి కొడుతుంటే ఆమె రిజిస్టర్‌ని చున్నీలో దాచుకుని బాయిలర్ గదికి పరుగెత్తుకొచ్చింది.

"నీలం మూతవే నా గొట్టం పాలు! ఆరుగురికీ తేడా తెలిసింది. పెద్ద గొట్టం చేయించమన్నారు మేనేజర్ గారు. మీరు నిజం రాయబట్టే ఇదంతా. చాలా థ్యాంక్స్."

"అయ్యో, ముందు అబద్ధం రాసిందీ నేనేగా!"

"అందుకు తిట్టాల్సింది తిట్టేశాగా. ఇప్పుడింకో చిక్కొచ్చింది." రిజిస్టర్ తెరిచింది. "వాచ్‌మన్ తాతగారు అంకెలు సొంతంగానే రాశారు. రిమార్కుల దగ్గర మాత్రం పాత అలవాటు కొద్దీ మీ కింద రెండు గీతలు గీశారు. ఆయనకీ నేనంటే చాలా ఇష్టమట. ఎవరికి సరేననాలి?"

"తాతకి నలుగురు మనవలండీ!"

"అయితే మీకే సరే," అంటూ నవ్వేసింది.

ఆదివారం ఆమె ఇంటికి అతనితోపాటు పక్కింటివాళ్లూ, పై వాటావాళ్లూ వచ్చారు. ఆమె తల్లి పొద్దున్నే నీలం మూత పాలు తాగి, సాయంత్రం దాకా అందరి మధ్యా కబుర్లు చెబుతూ కూర్చుంది. అందరూ వెళ్లాక అతని చెయ్యి పట్టుకుంది.

"రెండేళ్లయింది బాబూ, ఇలా నిశ్చింతగా కూర్చుని. సిగ్గు విడిచి నిజం రాశావు. నీ మేలు మర్చిపోను."

అతనికి కళ్లు చెమర్చాయి. "మీ కోసమే కదా మీ అమ్మాయి ఆ గొట్టం పెట్టింది. లేకపోతే నాకు ఎక్కడ కనపడేది? నేనే మీకు దణ్ణం పెట్టాలి అత్తయ్యగారూ."

అనేశాక నాలిక్కరుచుకున్నాడు.

ఆవిడ కూతురి వంకా, అతని వంకా చూసి, ఖాళీ గ్లాసు అతని చేతిలో పెట్టింది.

"ఇంకో గ్లాసు పట్రా, అల్లుడూ."