మట్టిగొట్టం పక్కన రెల్లుపుల్ల

"గుడ్లతో ఉన్న తల్లిని బకెట్లో వేసిందెవరు? నోళ్లు పడిపోయాయా?"

వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది అమ్మమ్మ నోల్ఫా. ఆమె అరచేతిలో బొరియ రొయ్య ముడుచుకుని ఉంది. దాని తోక కింద ముదురు రంగు పూసల్లా గుడ్లు.

మనవరాలు యెస్నా వాళ్లన్న ఎలాదియో తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"నేనే," అంది యెస్నా. "అన్న బకెట్ నిండిపోతోంది. నాది సగం కూడా కాలేదు. చూడకుండా వేసేశాను."

"మరి పుల్ల గుచ్చావా?"

యెస్నా తల అడ్డంగా ఊపింది.

చిత్తడి పచ్చికలో రొయ్య తన బొరియ మీద మట్టితో గొట్టం కడుతుంది. రొయ్యను పైకి పీల్చే చేతిపంపు పెట్టాలంటే ఆ గొట్టాన్ని తన్ని పడేయాలి. రొయ్యను లాగాక అక్కడ రెల్లుపుల్ల గుచ్చాలి. మళ్లీ ఎవరూ అక్కడ పంపు పెట్టరు. పొరపాటున తల్లిని తీస్తే తిరిగి దాని ఇంట్లోనే వదలొచ్చు. ఊరంతటికీ తెలుసిది. తెలిసీ పెద్దవాళ్లే గుచ్చరు, తల్లుల్ని సంతలో అమ్మేస్తారు. వాళ్లను అడిగేవాళ్లు లేరు.

"వేసవిలో నీళ్లు కిందికి పోతే ఇదీ తవ్వుకుంటూ వాటి వెంటే పోతుంది, పిల్లలతో సహా," అంది అమ్మమ్మ. "దీన్ని వండితే ఆ ఇల్లంతా వండినట్టే. ఎక్కడ తీశావో అక్కడే పెట్టు, పో."

అక్కడ ఆగస్టంటే చలికాలం; వాన సన్నగా పడుతోంది. రొయ్యను తడి నాచులో చుట్టి యెస్నా పరుగెత్తింది. ఇంకొన్ని పడదామని తన బకెట్టూ పంపూ మోసుకుంటూ ఎలాదియో వెనకే వచ్చాడు.

పచ్చికంతా కూలిన గొట్టాలే, తను తీసిన చోటు ఏదో తెలియలేదు. మొదటి బొరియ దగ్గర రొయ్యను దింపింది. పంపుకు చిక్కని ఇంకో రొయ్య లోపలి నుంచి ముందుకాళ్లు చాచి తోసేసింది. రెండో చోటా అంతే.

"ఎవరింట్లోకి తోస్తున్నావే పిచ్చిదానా?" ఎలాదియో నవ్వాడు.

యెస్నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రొయ్య కదలిక మందగించింది.

మూడో బొరియ అంచున అది ఆగింది. మీసాలతో మట్టిని తడిమింది. తోక ముందుగా, మెల్లమెల్లగా వెనక్కి జారింది. ఈసారి ఎవరూ తోయలేదు.

యెస్నా కదలకుండా బొరియలోని నీళ్లకేసి చూసింది. తర్వాత లేచి రెల్లు విరిచి అక్కడ ఒక పుల్ల గుచ్చింది. తోసేసిన ఆ రెండు బొరియల దగ్గరా గుచ్చింది.

ఎలాదియో ఓ కొత్త గొట్టం మీదికి కాలెత్తాడు.

"కాలు దించు అన్నా. ముందు నీ బకెట్ ఇటివ్వు, తోకలన్నీ తిప్పి చూడాలి. తల్లుల్ని ఇప్పుడే వదిలెయ్. పుల్ల చేతిలో ఉంటేనే పంపు ముట్టుకో."