అరవనివాళ్లు ముందు

ఆ ఇంట్లో తెల్లారిందని చెప్పడానికి గడియారం అక్కర్లేదు, నాన్న గొంతు చాలు. ఉద్యోగమున్నన్నాళ్లూ బస్టాండులో బస్సుల రాకపోకలు మైకులో చెప్పిన మనిషి. ఇప్పుడు కాలికి కట్టుతో మంచానికి అతుక్కుపోయినా గొంతుకు మాత్రం విశ్రాంతి లేదు.

"దిండు జారింది! కళ్లజోడు కనబడట్లేదు! ఈ ఇంట్లో మనుషులున్నారా?"

"మైకు లేకపోయినా వీధి చివరిదాకా వినబడుతోంది, వస్తున్నా!" అంటూ అమ్మ వంటింటికీ గదికీ మధ్య తిరుగుతోంది.

కూతురు పొయ్యి దగ్గర నిలబడి పాలగిన్నెను చూస్తోంది. పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో నర్సు ఆమె. నాన్నకు ప్రమాదం జరిగినప్పటి నుంచీ తిన్నది రుచి తెలియడం లేదు, పడుకున్నా నిద్రపోయినట్టు ఉండడం లేదు. డ్యూటీకి వెళ్తోంది, వస్తోంది, అంతే. ఇంట్లో తల్లి ముఖం చాటేస్తోంది. అదీ ఆమెకు తగలడం లేదు.

ఆ రోజు నాన్న స్కూటర్‌ను ఒక వ్యాను గుద్దేసి గోడకు కొట్టుకుంది. ఆయన్నీ వ్యాను డ్రైవరునీ ఆమె వార్డుకే తెచ్చారు. నాన్న కూతుర్ని చూసి "బుజ్జమ్మా, చచ్చిపోతున్నానే!" అని కేకలు పెడుతున్నారు. వ్యాను డ్రైవరు మాత్రం చప్పుడు లేకుండా పడి ఉన్నాడు. కూతురు తండ్రిని ఒక్కసారి చూసి, ఆయనను దాటుకుని డ్రైవరు దగ్గరికి వెళ్లింది. ఇంకో నర్సు వచ్చేదాకా నాన్న అలా అరుస్తూనే ఉన్నారు. వార్డు గుమ్మంలో నిలబడ్డ అమ్మ అంతా కళ్లారా చూసింది.

"ఆ డ్రైవరు లేచి కూర్చున్నాడటగా, నీ పుణ్యమా అని," అంది అమ్మ వంటింట్లోకి వస్తూ. చాలా రోజులకు కూతురితో అన్న మొదటి మాట అది.

"అవునమ్మా."

"కన్నతండ్రి పిలుస్తుంటే దాటుకుని పోడానికి మనసెలా ఒప్పిందే నీకు? అదీ ఆయన్ని గుద్దినవాడి దగ్గరికి!"

"అరుస్తున్నారంటే ఊపిరి ఆడుతున్నట్టే అమ్మా. ఇదివరకు మా వార్డులో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల దగ్గరికే పరిగెత్తేవాళ్లం. ఈలోపు మూలన పడున్నవాళ్లు చప్పుడు చేయకుండా పోయేవాళ్లు. అరవనివాళ్లని ముందు చూడాలని అందరికీ నేర్పింది నేనే." బస్సు వేళలు చదివినట్టు చెప్పింది.

"నీ వార్డు సంగతి నాకెందుకే! ఆయన నీకు నాన్నా, పేషెంటా? రాయివి నువ్వు. ఇంతవరకూ ఒక్క కన్నీటి చుక్క రాలిందా?"

పాలు పొంగాయి. కూతురు రెండు చేతులతో గిన్నెను పట్టుకుని, తొందరేమీ లేనట్టు దించి గట్టు మీద పెట్టింది. గుడ్డ పక్కనే ఉంది.

"ఒసేయ్! ఉత్త చేతులతోనా!" అమ్మ ఆమె చేతులు లాగి కుళాయి కింద పెట్టింది. అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి.

"మంటగా లేదుటే?"

"ఏమో అమ్మా. తెలియట్లేదు."

"కాలు లాగేస్తోంది! నన్ను పట్టించుకునే దిక్కే లేదా?" లోపలినుంచి నాన్న.

అలవాటుగా అమ్మ కాలు గది వైపు పడింది. పడి, ఆగింది. కూతురి ముఖంలోకి మొదటిసారి చూసింది. ఇంట్లో ఇన్నాళ్లూ తను ఎవరి కేకకు పరిగెత్తిందో, ఎవరిని దాటుకుంటూ పోయిందో ఇప్పుడు తెలిసొచ్చింది.

"మీరు కాసేపు అరుస్తూ ఉండండి! అరుస్తున్నారంటే బానే ఉన్నట్టు!" అని గదివైపు కేకేసి, కూతురి తలను భుజానికి ఆనించుకుంది. "చాలా భయపడ్డావా, తల్లీ?"

లోపలినుంచి, ఆ ఇంట్లో ఎప్పుడూ వినని మెల్లని గొంతుతో నాన్న అడిగారు. "బుజ్జమ్మకేమైందే?"

అప్పుడు చేతులు మండాయి ఆమెకు. ఆ మంట పైకెగసి గొంతు దాకా వచ్చింది. "నాన్నా!" అంటూ ఒక్కసారిగా బావురుమంది.

ఆ గొంతు అచ్చం తండ్రిదే. వీధి చివరిదాకా వినబడింది.