మూత బిగించని పెట్టె

దెయ్యం కథ అనగానే అర్ధరాత్రి, వాన, కుక్క ఏడుపు కోసం చూసేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. నాకు జరిగింది పట్టపగలు రెండున్నరకు, భోంచేసి ఆవులిస్తున్న వేళ.

ఆసుపత్రి కింద నేలమాళిగలో ప్యాకింగ్ గది నాది. ముప్ఫై ఏళ్ళలో కోటి పెట్టెలు కట్టాను. సరే, కోటి కాదు, తొంభై తొమ్మిది లక్షలు. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలు గడ్డకట్టి ఉండగానే దూరపు ల్యాబులకు చేరాలి. అందుకే డ్రై ఐస్. చూడ్డానికి తెల్లటి గులకరాళ్ళు, ఒట్టి చేత్తో పట్టుకుంటే చర్మం ఊడొస్తుంది. అది కరిగి నీళ్ళవదు, పొగై పోతుంది. ఆ పొగ బయటికి పోయే సందు ఉండాలి. మూత చుట్టూ టేపు బిగించామా, అది పెట్టె కాదు, బాంబు. ఒకాయన అలాగే బిగిస్తే మూత ఎగిరి నాలుగో అంతస్తులో పెద్ద డాక్టరు గారి కాఫీలో పడింది. నేను మూతను చూళ్ళేదు గానీ, ఆయన చొక్కా మీద కాఫీ మాత్రం చూశాను.

ఆ రోజు నా బల్ల మీదికొచ్చిన సీసా మీద నా చెల్లెలి పేరుంది.

ఊపిరితిత్తిలోంచి తీసిన ముక్క. చిటికెన వేలి గోరంత. "ఇంకోసారి తీస్తే ఆవిడ తట్టుకోలేదు," అని డాక్టరు ముందే చెప్పేశాడు. ఇది కరగకుండా చేరితే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. చేరకపోతే అంతే.

సీసాకు దూది చుట్టి సంచిలో పెట్టాను. సంచిని గట్టి డబ్బాలో పెట్టాను. డబ్బాను థర్మోకోల్ పెట్టెలో దించి, చుట్టూ ఐసు పోశాను. ఇనప గరిట తగిలి ఐసు కీచుమంది. ఎప్పుడూ అరుస్తుంది, కానీ ఆ రోజు గరిట తీశాక కూడా కాసేపు అరిచింది. మూత పెట్టాను. రెండు రోజుల ప్రయాణం... దారిలో వ్యాను ఆగిపోతే? ఎండలో పెట్టేస్తే?

చేయి దానంతటదే టేపు అందుకుంది. ఒక చుట్టు. రెండు. మూడు. లోకానికంతా వద్దని చెప్పినదాన్ని, నేనే బిగించాను.

టక్... టక్.

పొగ తోస్తోందనుకున్నాను. మూత మధ్యలో కొంచెం ఉబ్బింది. తగ్గింది. మళ్ళీ ఉబ్బింది. పొగ అలా వెనక్కి తగ్గదు. నాకు తెలుసు.

"అక్కా..."

గదిలో గాలి చాలకపోతే లేనిపోని మాటలు వినిపిస్తాయంటారు. తలుపు వైపు చూశాను. బార్లా తెరిచే ఉంది.

"అక్కా... ఊపిరాడట్లేదే..."

గోడ మీద ఫోను మోగింది. పై వార్డు నర్సు.

"పిన్నిగారూ, తొందరగా రండి! మీ చెల్లెలు ఊపిరందక కొట్టుకుంటోంది. ఆక్సిజన్ పెట్టినా ఎక్కట్లేదు!"

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, కత్తి తీసుకుని టేపు కోశాను. మూత పక్కకి జరిగింది. తెల్లటి పొగ బల్ల మీద పాకి, అంచు దిగి, నా కాళ్ళ చుట్టూ చేరింది. చల్లగా లేదు. మనిషి ఊపిరిలా గోరువెచ్చగా ఉంది.

"ఆగండి ఆగండి..." అంది నర్సు. "ఊపిరి తీసుకుంటోంది. హమ్మయ్య!"

నాకు నమ్మకం కుదరలేదు. చెయ్యకూడని పని చేశాను. అరచేత్తో మూతను నెమ్మదిగా నొక్కాను.

ఫోన్లో దగ్గు.

చెయ్యి తీసేశాను.

"ఏంటత్తా, చెమటలు పట్టాయి? ఐసు గదిలో కూర్చుని వేడెక్కిపోయావా?" కొరియర్ డ్రైవరు గుమ్మంలో నవ్వుతున్నాడు. ఏ చుట్టరికమూ లేదు, నోటి వరసే.

"నీ నాలుక ఐసులో పెట్టి పంపిద్దామంటే అంత పొడుగు పెట్టె దొరకలేదు అల్లుడూ. ఇదిగో, దీని మీద ఏమీ పెట్టకు. మూత ముట్టుకోకు."

"రోజూ చెప్పే పాటేగా."

"ఇవాళ విను నాయనా!" అతను నవ్వు ఆపేశాడు.

ఆ రెండు రోజులు చెల్లెలి మంచం పక్కనే కూర్చుని దాని ఊపిరి లెక్కపెట్టాను. లక్ష దాకా వచ్చి లెక్క తప్పాను. మూడో రోజు ల్యాబు వాళ్ళు ఫోను చేశారు. ముక్క చక్కగా చేరింది, మందు దొరికింది. నేను ఏడ్చిన ఏడుపుకి వార్డులో వరద రావాల్సింది.

"మిగిలిన ముక్కని శుక్రవారం కాల్చేస్తామండీ," అన్నాడు ల్యాబాయన.

"వద్దు!" అని అరిచాను. "తిప్పి పంపండి. అలాగే ఐసులో. మూత బిగించకండి."

పంపారు. ఇప్పుడా పెట్టె మా ఇంట్లో, కిటికీ దగ్గర ఉంది. రోజూ ఐసు మారుస్తాను. చెవి పెడితే లోపల ఊపిరి... లోపలికి, బయటికి. పక్కగదిలో చెల్లెలి ఊపిరీ అదే వరసలో. రెండూ కలిసి నడుస్తున్నంత కాలం భయం లేదనుకున్నాను. చెల్లెలు లేచి తిరుగుతోంది, బుగ్గలకు రంగొచ్చింది, నా వంటకి వంకలు కూడా పెడుతోంది.

నిన్న మధ్యాహ్నం అది నిద్రపోతోంది. ఇల్లంతా నిశ్శబ్దం. పెట్టెలోంచి మాత్రం ఊపిరి వినిపిస్తోంది, మునుపటికంటే బలంగా. ఒక్కటే.

మంచం దగ్గరికి వెళ్ళాను. దాని ముక్కు కింద వేలు పెట్టాను. వంద లెక్కపెట్టాను. మళ్ళీ వంద.

ఏమీ తగల్లేదు.

చెల్లెలు కళ్ళు తెరిచింది. నా వేలి వైపు చూసి నవ్వింది.

"ఏంటక్కా," అంది, "నీకు నిద్ర పట్టట్లేదా?"