ఒక సాయంత్రానికి భార్య

"ఈసారి నీకు పెళ్లయింది," అన్నాడు చీఫ్ శ్యామసుందర్ ఫోన్లో.

ఏజెంట్ సూర్యప్రకాష్ నవ్వలేదు. భిలాయిలో, కోహ్కా పేటలోని సేఫ్‌హౌస్‌లో నిలబడి చొక్కా గుండీలో మైక్ బిగించుకుంటున్నాడు.

"యుద్ధనౌకల స్టీల్ ఫార్ములా దొంగిలించారు. మైక్రోచిప్‌లో ఉంది. ఈ సాయంత్రం స్మృతి నగర్ స్పానిష్ రెస్టారెంట్‌లో చేతులు మారుతుంది. దేశం దాటితే మన నౌకలు ఎక్కడ పగులుతాయో శత్రువుకి తెలిసిపోతుంది. దొంగిలించిన విదేశీ ముఠాలో మన మనిషి కిరణ్మయి ఉంది. నీ భార్యగా కూర్చుని, చిప్ మోసుకొచ్చే కొరియర్‌ని చూపిస్తుంది."

"ఒక్కణ్ణే వెళ్తాను సర్."

"అక్కడ ఒక్కడే తింటే అందరూ నిన్నే చూస్తారు. అన్నీ పంచుకునే ప్లేట్లే."

రెస్టారెంట్ నిండా కాలేజీ పిల్లలు. చవక ధరలు, చిన్న చిన్న ప్లేట్లు, పెద్ద గోల. ఆకుపచ్చ చీరలో కిరణ్మయి మెరిసిపోతోంది.

"ఆలూ మరీ కారంగా ఉంటాదేటి?"

"నీ కోపం కన్నా తక్కువే."

కోడ్ వాక్యాలు కలిశాయి.

కుడిచెయ్యి ఎంగిలైంది కాబట్టి ఎడమచేత్తో చెంచా పట్టుకుని, వెల్లుల్లి రొయ్యలు అతనికి వడ్డించింది. "తినండి. బాగా చిక్కిపోనారు."

ఏళ్లుగా హోటల్ గదుల్లో గోడకేసి చూస్తూ తిన్నవాడు. నటన అని తెలుసు. అయినా ముద్ద నెమ్మదిగా నమిలాడు, సాయంత్రం తొందరగా అయిపోకుండా.

"తలుపు దగ్గర ఎర్ర స్కార్ఫ్. ఆవిడే," గుసగుసలాడింది కిరణ్మయి.

ఆ విదేశీ యువతి లేచి బయటికి నడిచింది. సూర్యప్రకాష్ మైక్‌లో చెప్పాడు. బయట కాపున్న టీమ్ ఆమె వెంట కదిలింది.

"మీరూ ఎల్లండి. వేగం!"

సగం లేచాడు. అప్పుడే కిరణ్మయి చికెన్ క్రోకెట్ అనే వేపుడు ఉండ ఒకటి కొరికి, మిగతా సగాన్ని ఇద్దరి మధ్యనున్న ప్లేట్లో పెట్టేసింది.

ఇంతసేపూ చెంచాకి కూడా ఎంగిలి తగలనివ్వని మనిషి!

సూర్యప్రకాష్ మళ్లీ కూర్చున్నాడు.

వెయిటర్ వచ్చాడు. ఖాళీ ప్లేట్లన్నీ వదిలేసి, తిన్నగా ఆ ప్లేటే ఎత్తాడు. "లే జావూ, మేడమ్?" అన్నాడు, తీసుకెళ్లనా అని.

ప్లేటు టేబుల్ దాటేలోపు సూర్యప్రకాష్ ఆ సగం క్రోకెట్ లాక్కున్నాడు.

కిరణ్మయి ముఖం పాలిపోయింది. "ఛీ! ఎంగిలిదండీ!"

"పెళ్లాం ఎంగిలే కదే!"

నోట్లో వేసుకున్నాడు. పళ్ల కింద టక్కుమంది.

వెయిటర్ వంటింటికేసి పరుగెత్తాడు. కిరణ్మయి చెయ్యి హ్యాండ్‌బ్యాగ్ మీదికి వెళ్లేలోపే టేబుల్ కింద అతని పిస్టల్ ఆమె మోకాలికి తగిలింది.

"టీమ్, వెనక్కి రండి. ఎర్ర స్కార్ఫ్ వట్టి ఎర. వంటింటి తలుపు మూయండి. కొరియర్ నా భార్యే."

వెయిటర్‌ని గుమ్మంలోనే పట్టుకున్నారు. చిప్‌ని నాప్కిన్‌తో తుడుస్తూ అన్నాడు సూర్యప్రకాష్: "ఎంగిలి కాబట్టి ఎవరూ ముట్టరనుకున్నావు."

"ఎవులూ ముట్టరు. ఇంట్లో నీకెవులూ నేరు గనక ముట్టీసినావు."

సంకెళ్లు పడ్డాయి. అడగకూడదనుకుంటూనే అడిగాడు. "చిక్కిపోయానన్నావే, అదీ అబద్ధమేనా?"

"మా వోళ్లు నీ పాత ఫొటో చూపించినారు. నిజంగానే చిక్కిపోనావు."

ఆమెని తీసుకెళ్లారు. చుట్టూ పిల్లలు సెల్ఫీలకి మళ్లారు. ఫోన్ మోగింది.

"చిప్?" అన్నాడు చీఫ్.

"భద్రం సర్."

"శభాష్! భోజనం ఎలా ఉంది?"

సూర్యప్రకాష్ మిగిలిన రొయ్యల ప్లేటు దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇద్దరికి సరిపోయేది సర్."