ఏడు కర్రల మీద తెల్లటి గీత

రిటైర్డ్ జడ్జిగారు గోల్ఫ్ సంచి భుజాన వేసుకుని డిటెక్టివ్ గదిలోకి వచ్చేసరికి ఉదయం తొమ్మిదైంది. వస్తూనే మొదలుపెట్టారు.

"పొద్దున ప్రాక్టీసులో కర్ర ఇలా ఊపానో లేదో, ఇనుప తల ఊడి తోటమాలి చెవి పక్కనుంచి దూసుకుపోయింది. వెంట్రుకవాసిలో తప్పింది! మిగతావీ వదులైపోయాయి. ఇది మా బావమరిది పనే."

"ఆయనే అని ఎలా చెప్తున్నారు?" నోటుపుస్తకం తెరుస్తూ అడిగింది అసిస్టెంట్.

"సాయంత్రం మా ఇద్దరికీ పోటీ. పైగా ఇది చూడండి." ఊడిన ఇనుప తల మీది గాడిలో టూత్‌బ్రష్ వెంట్రుక ఇరుక్కుని ఉంది. "వాడు పళ్ల డాక్టరు! ముప్పై ఏళ్లుగా ప్రతి ఆదివారం కలిసి ఆడుతున్నాం. ఇక వాడి గడప తొక్కను. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. తమ్ముడంటే దానికి ప్రాణం."

ఉద్యోగమంతా సాక్షుల్ని విన్న పెద్దమనిషి, సొంతింటి కేసులో ఒక్క సాక్షిని కూడా పిలవకుండానే తీర్పు చెప్పేశారు.

డిటెక్టివ్ కర్రలు ఒక్కొక్కటే తీసి చూశాడు. ఏడు ఇనుప కర్రలూ పొట్టి నుంచి పొడుగు వరకు వరసగా సర్ది ఉన్నాయి. ఊడింది తప్ప మిగతా తలలన్నిటికీ తెల్లని బట్ట చుట్టి, కొసలు లోపలికి మడిచి ఉన్నాయి. గాడుల్లో మట్టి రేణువు లేదు. ప్రతి కాడ మీదా జానెడు ఎత్తున సన్నటి తెల్లటి గీత.

"వీటిని మీరే శుభ్రం చేశారా?"

"నేనా? ప్యాంటుకి తుడిచి సంచిలో పడేస్తాను. ఎవర్నీ ముట్టుకోనివ్వను."

"అయితే మీ ఇంటికి పోదాం. మీ బావమరిదిని కూడా రమ్మనండి."

అక్కడ డిటెక్టివ్ మంచినీళ్ల వంకతో నేరుగా వంటింట్లోకి నడిచాడు. గరిటెలు, చెంచాలు తెల్లని బట్ట మీద పొట్టి నుంచి పొడుగు వరకు బారులు తీరి ఉన్నాయి. పొయ్యి పక్కన బోర్లించిన పెద్ద స్టీలు గిన్నెను వెల్లకిలా తిప్పి, లోపల జాన పెట్టి కొలిచి నవ్వాడు.

"అమ్మా, మీరేం ఉద్యోగం చేసేవారు?"

"ఆపరేషన్ థియేటర్‌లో నర్సునండీ, ఇరవై ఎనిమిదేళ్లు," అంది జడ్జిగారి భార్య గర్వంగా.

డాక్టరు కూడా వచ్చాక డిటెక్టివ్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు.

"కర్రలు పాడుచేయాలనుకున్నవాడు గాడులు తోమి, తలలకి బట్ట చుట్టి పెట్టడు. ఆ తెల్లటి గీత నీళ్లు మరిగినప్పుడు పేరుకున్న ఉప్పు. అదే ఎత్తున వంటింటి గిన్నెలోనూ ఉంది. ఇనుప తలల్ని కాడలకి అతికించేది జిగురు. మరిగే నీళ్లలో పెడితే అది పట్టు వదిలేస్తుంది. పనిముట్లు మరగబెట్టి, తుడిచి, సైజు ప్రకారం సర్దే అలవాటు ఈ ఇంట్లో ఒక్కరికే ఉంది."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏవండీ, పోటీకి తళతళలాడుతూ తీసుకెళ్తారని... నిన్న మీరు బయటికెళ్లగానే పాత బ్రష్షుతో తోమి అరగంట మరగబెట్టాను. అయ్యో, ఆ తోటమాలికి తగిలుంటే!"

"బావగారూ, నన్ను అనుమానించారా?" అన్నాడు డాక్టరు.

"అనుమానించడమేంట్రా, శిక్ష కూడా వేసేశాను," జడ్జిగారు తల దించుకున్నారు. "తప్పయిపోయింది."

 డాక్టరు లేచి వచ్చి బావగారి పక్కన కూర్చున్నాడు. "అయితే అప్పీలు చేసుకుంటున్నాను. నా కర్రలున్నాయిగా, సాయంత్రం ఇద్దరం వాటితోనే ఆడదాం."

"గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బు చాలమ్మా," అన్నాడు డిటెక్టివ్ వెళ్తూ వెళ్తూ.

సాయంత్రం జడ్జిగారు చిత్తుగా ఓడిపోయారు. ఓడి అంత సంతోషించిన మనిషిని అసిస్టెంట్ ఎప్పుడూ చూడలేదు.

వారం తర్వాత, కొత్త జిగురుతో బాగుచేయించిన కర్రలు ఇంటికొచ్చాయి. ఎవర్నీ ముట్టుకోనివ్వని ఆ సంచిని జడ్జిగారు తనే తెచ్చి భార్య ముందు పెట్టి, పీట వేసుకుని పక్కన కూర్చున్నారు. ఆవిడ బకెట్లో నీళ్లు పోసి, చంటిపిల్లకి స్నానం చేయించే ముందు చూసినట్టు, మోచెయ్యి ముంచి వేడి చూసింది.