ఎడమచేతి తుపాకీ

హిల్కా కాఫీ కప్పు తెచ్చి భర్త ముందు, బల్ల మీద ఎడమవైపు పెట్టింది. ఈస్టర్ వెళ్ళిన దగ్గర్నుంచీ ఎడమవైపే పెడుతోంది. అంతకుముందు నలభై ఏళ్ళూ కుడివైపే పెట్టింది. ఔలిస్‌కి ఆ తేడా తెలిసినట్టు లేదు. కప్పు అందుకుని, తల కొంచెం కుడికి తిప్పి, కోడిపెట్ట గింజను చూసినట్టు ఎడమ కంటితో కిటికీ బయట బార్లీ చేను చూస్తూ కూర్చున్నాడు. హిల్కా తన కప్పు తీసుకుని అతని కుడిపక్కన, ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చుంది.

ఔలిస్ కుడి కన్ను వసంతంలో పోయింది. కంటి నరానికి రక్తం అందక ఒక్క పూటలో చీకటైపోయింది. ఆ మాట అతను భార్యకు చెప్పలేదు. ట్రాక్టరు బెల్టు కోసమని పట్నం వెళ్ళాడు, బెల్టు లేకుండా తిరిగొచ్చాడు. వచ్చేసరికి ఆసుపత్రిలో వేసిన మందుకి రెండు నల్లగుడ్లూ బొత్తాలంత పెద్దవై ఉన్నాయి. "బెల్టు దొరికిందా?" అని అడిగింది హిల్కా. "లేదు" అన్నాడు ఔలిస్. ఆ రోజుకి మాటలు అయిపోయాయి. ఆ ఇంట్లో, నిజానికి ఆ ఊళ్ళో ఏ ఇంట్లో అయినా అంతే, నోటితో అనని సంగతి జరగనట్టే లెక్క.

దాచడానికి కారణం హిల్కాకి తెలుసు. ఊరి వేట సంఘంలో గురిపరీక్ష తప్పినవాళ్ళు అడవిలో నిలబడటానికి లేదు. వేట గుడిసె దగ్గర సూపు వండాలి. పాపం, వైనో ముసలాయన పరీక్ష తప్పితే 'గరిటె దొరగారు' అని పేరు పెట్టింది ఎవరనుకున్నారు? ఈ ఔలిసే. ఊరంతా ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తున్నారు. ఈ ఏడు ఔలిస్ ఆ పరీక్షకి మళ్ళీ నిలబడాలి. అందుకే ఆవిరిగది వెనకాల, ఎవరూ చూడటం లేదనుకుని, పార కర్రను ఎడమ భుజానికి ఆనించి గురి చూడటం సాధన చేస్తున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే. హిల్కా కిటికీలోంచి చూసింది, తెర వేసేసింది.

మెట్లు దడదడలాడిస్తూ కూతురు సిల్యా దిగొచ్చింది. ఔలు నగరంలో సిటీ బస్సు నడుపుతుంది. వేటగాళ్ళ పరీక్ష వసంతంలోనే పాసైంది, తుపాకీ కొనడానికి పోలీసుల అనుమతి కూడా వచ్చింది. ఈ శరదృతువులో నాన్నతో కలిసి తొలిసారి మూస్ దుప్పి వేటకు వెళ్ళబోతోంది.

"నాన్నా, నువ్విలా కప్పు మీద కప్పు తాగుతూ కూర్చుంటే దుప్పులన్నీ ముసలివైపోతాయి. లే, తుపాకీల షాపు తెరిచేస్తారు."

"దుప్పికి తొందర లేదు. బస్సు వాళ్ళకే తొందర" అన్నాడు ఔలిస్. కానీ మొహం వెలిగిపోతోంది. "నీకో సంగతి చెప్పనా? టేర్హో ఫోన్ చేశాడు. కొత్తవాళ్ళని ఇంటివాళ్ళ పక్కనే నిలబెట్టాలిగా. నీ చోటు ఖాయం చేశాడు, చిత్తడినేల అంచున, పెద్ద బండ దగ్గర. సరిగ్గా నా కుడివైపు!"

టేర్హో వేట సంఘానికి పెద్ద. అతని మాటకి ఎదురు లేదు. కూతురికి గంజి వడ్డించడానికి లేచిన హిల్కా చేతిలో గరిటె గిన్నె మీదే ఆగిపోయింది. ఇన్ని నెలలూ ఇది ఔలిస్ పరువు సంగతి, అతనే చూసుకుంటాడులే అనుకుంది. కుడివైపు అంటే అతనికి చీకటి వైపు. తుపాకీ పట్టుకుని దుప్పి కోసం చటుక్కున తిరిగే మనిషికి ఆ చీకట్లో తన కూతురు నిలబడి ఉంటుంది.

"నేనూ వస్తున్నా షాపుకి" అంది.

"నువ్వెందుకమ్మా? నీకు తుపాకీలంటే తలనొప్పి కదా?" అని నవ్వింది సిల్యా.

"ఇవాళ తలనొప్పి లేదు."

*

కారు సిల్యాయే నడిపింది. షాపులో ముందుగా వేట టోపీ కొనుక్కుంది, నారింజ రంగుది, పొదల్లో ఉన్నా మనిషని తెలిసేందుకు పెట్టుకునేది. తర్వాత గల్లా బల్ల మీద రెండు తుపాకీలు పరిచారు. రెండూ బోల్టు తుపాకీలే. ఒక తూటా పేలాక బోల్టు పిడిని చేత్తో వెనక్కి లాగి ముందుకు తోస్తే ఇంకోటి ఎక్కుతుంది. మొదటిది నల్లది, తేలిక, వానకి తడిసినా పాడవదు. రెండోది వాల్‌నట్ చెక్కది, బరువు, ఎవరో వాడి అమ్మినది. చూడగానే నిమరాలనిపించేంత అందంగా ఉంది. కాకపోతే బోల్టు పిడి ఎడమవైపుంది.

సిల్యా నల్లది భుజానికెత్తింది, దించింది, పిడి లాగింది. "ఇది చాలు నాన్నా. చిత్తడిలో మోసుకు తిరగాలిగా."

"ప్లాస్టిక్ బకెట్లా ఉంది" అన్నాడు ఔలిస్. "చెక్కది చూడు. బరువున్న తుపాకీ గురి నిలుపుతుంది, వెనక్కి తన్నదు."

"చెక్కది ఎడమచేతి వాళ్ళది. నేను కుడిచేత్తో రాస్తాను, నీకు గుర్తుండే ఉంటుంది."

"చేతితో ఏముంది? కన్ను ముఖ్యం. నీది ఎడమ కన్ను బలం. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, ఎడమ కన్ను మనిషివి నువ్వు."

షాపతను కుర్రాడేం కాదు, ముప్ఫై ఏళ్ళుగా తుపాకీలు అమ్ముతున్నాడు. గొడవ తీర్చే ఉపాయం అతని దగ్గరుంది. "రెండు చేతులూ ముందుకి చాపి, అరచేతుల మధ్య చిన్న కిటికీ చెయ్యండమ్మా. అందులోంచి ఆ గోడ గడియారం చూస్తూ చేతులు మెల్లగా మొహం దగ్గరికి తెచ్చుకోండి. ఏ కంటి దగ్గరికి వస్తే అదే బలమైన కన్ను."

సిల్యా చేసింది. కిటికీ కుడి కంటి మీదికి వచ్చింది.

"సరిగ్గా చెయ్యలేదు. మళ్ళీ చెయ్యి" అన్నాడు ఔలిస్.

మళ్ళీ చేసింది. మళ్ళీ కుడి కన్నే.

"నువ్వు చేసి చూపించు నాన్నా, అంత తెలిస్తే!"

ఔలిస్ ఉక్రోషంలో ఆలోచించకుండా చేతులు చాపాడు. కిటికీ నేరుగా ఎడమ కంటి మీదికి వచ్చి వాలింది. సిల్యా పకపకా నవ్వింది. "ఎడమ కన్ను మనిషివి నువ్వే! మరి ఇన్నేళ్ళూ కుడి భుజం మీంచి ఎలా కాల్చావు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఔలిస్ చెయ్యి చెంప మీదికి పోయింది. మొహం ఎర్రబడింది. చెక్క తుపాకీని ఆమె వైపు తోశాడు. "కొంటే ఇదే కొను. లేకపోతే వేటా లేదు, గీటా లేదు. నేర్పించేది నేనా, షాపువాడా?"

"కాల్చేది నేను! నాకు పనికిరాని తుపాకీ నా చేతిలో పెట్టి నేర్పిస్తావా? అసలిది ఎవరి కోసం కొంటున్నాం?"

ఔలిస్ తలుపు ధడాలున తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ కుడి భుజాన్ని తలుపు చట్రానికి గట్టిగా కొట్టుకున్నాడు. సిల్యా నోరు తెరుచుకుని తల్లి వైపు చూసింది. హిల్కా బల్ల మీదున్న నారింజ టోపీ తీసుకుని, "రా" అంది.

*

బయట సన్నగా తుంపర పడుతోంది. ఔలిస్ కారు పక్కన నిలబడి ఎదురుగా ఉన్న గోడను చూస్తున్నాడు. సిల్యా వెళ్ళి అతని ఎడమవైపు నిలబడింది. హిల్కా కుడివైపుకి వెళ్ళింది.

"ఔలిస్, తల తిప్పకు. గోడనే చూడు."

"ఏమిటీ ఆట?"

"తిప్పకన్నాను. నా చేతిలో ఏముందో చెప్పు."

టోపీని అతని మొహానికి జానెడు దూరంలో పట్టుకుంది. అర మైలు దూరం నుంచి కనపడాలని వేసిన రంగు అది. ఔలిస్ గోడ మీంచి చూపు తిప్పకుండా, ఊహించి చెప్పాడు.

"తాళాలు."

సిల్యా చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. ఔలిస్ మెల్లగా తల తిప్పాడు. టోపీ చూశాడు, దాని వెనకాల భార్య మొహం చూశాడు.

"ఇది సిల్యా తల మీద ఉంటుంది" అంది హిల్కా. "నీకు కుడివైపున. నువ్వు సూపు గిన్నె దగ్గర కూర్చుంటే నలుగురూ నవ్వుతారు, నవ్వి ఊరుకుంటారు. పిల్లకేమైనా అయితే ఎవరు ఊరుకుంటారు? నువ్వు ఊరుకోగలవా?"

ఔలిస్ కారు తలుపు తీసుకుని సీటు అంచున కూలబడ్డాడు. పెద్ద మనిషి, భుజాలు వానలో కుంగిపోయాయి. "ఎడమచేత్తో నేర్చుకుంటే ఎవరికీ తెలియక్కర్లేదు అనుకున్నాను. ఆ ఎడమచేతి తుపాకీ సిల్యా పేరున కొని, ఇద్దరం వాడుకుంటే..." మాట పూర్తి కాలేదు. "కుడివైపు అనగానే నా పక్కనే ఉంటుందన్న సంతోషంలో పడిపోయాను హిల్కా. అది నాకు ఏ వైపో ఆలోచించలేదు. ఒట్టు, ఆలోచించలేదు."

"నాకు తెలుసు."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఈస్టర్ నుంచి నీ కప్పు ఏవైపు పెడుతున్నానో ఎప్పుడైనా చూశావా?"

ఔలిస్ ఆలోచించాడు. బల్ల మీద కుడిచేత్తో తడిమి, రెండుసార్లు కాఫీ ఒలకబోసి, ఆ తర్వాత ఎందుకో మళ్ళీ ఒలకబోయకపోవడం గుర్తొచ్చింది. తనకే అలవాటైపోయిందనుకున్నాడు. మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. చప్పుడు లేదు, వీపు మాత్రం ఎగిరెగిరి పడుతోంది.

సిల్యా కళ్ళలోనూ నీళ్ళున్నాయి, వాటికంటే కోపం ఎక్కువుంది. "బాగుంది! ఈయన కన్ను పోతే చెప్పడు. నువ్వు చూసి చెప్పవు. కప్పు జరపడం తెలుసుగాని నోరు విప్పడం తెలీదామ్మా? నేనేమో ఆ బండ దగ్గర ఏమీ తెలియకుండా నవ్వుతూ నిలబడేదాన్నా?"

ఇన్ని నెలలూ హిల్కా దయ చూపిస్తున్నాననుకుంది. తనకి నోరు రాక, దానికి దయ అని పేరు పెట్టుకుంది. "తప్పే" అంది. ఆ ఒక్క ముక్క బయటికి రావడానికి కూడా కష్టమైంది.

కాసేపటికి ఔలిస్ లేచాడు. చేతిరుమాలుతో ముక్కు గట్టిగా చీదాడు. "పదండి. షాపతను మనల్ని పిచ్చివాళ్ళనుకుంటాడు."

లోపలికి వెళ్ళి బల్ల ముందు నిలబడి, ఎవరూ అడగకుండానే చెప్పాడు. "నా కుడి కన్ను పోయిందయ్యా. ఆ ఎడమచేతి తుపాకీ నాకు. పోలీసుల అనుమతి వచ్చేదాకా పక్కన పెట్టు."

షాపతను తలూపాడు. "ఒంటికంటి వాళ్ళు చాలామందే కాలుస్తారండీ. కొత్తగా నేర్చుకోవాలి, అంతే. నల్లది ఈమెకి కట్టమంటారా?"

"అది ఆమె ఇష్టం" అని ఔలిస్ కూతురి వైపు పూర్తిగా తిరిగాడు. "ఇంట్లో మా నాన్న నాకిచ్చిన తుపాకీ ఉంది. పోయినేడాది నువ్వు అడిగితే, గుర్రంలా తన్నుతుంది, వద్దన్నాను. అంత తన్నదు. ఇవ్వబుద్ధి కాక అన్నాను. దాని బోల్టు కుడివైపుంది. ఇక నాకు పనికిరాదు, నీకు పనికొస్తుంది."

సిల్యా నల్ల తుపాకీని ఒకసారి చూసి నెమ్మదిగా వెనక్కి జరిపింది. "బరువెంత ఉంటుంది?"

"ప్లాస్టిక్ బకెట్ కంటే ఎక్కువే."

"సరే, మోస్తాలే."

దారిలో వెనక సీట్లోంచి ఔలిస్ టేర్హోకి ఫోన్ చేశాడు. మాట ముందుకీ వెనక్కీ లాగకుండా కన్ను సంగతి చెప్పాడు. పరీక్ష ఎడమచేత్తో పాసయ్యేదాకా చోటు వద్దన్నాడు, పాసైతే కూతుర్ని ఎడమవైపు నిలబెట్టమన్నాడు. టేర్హో గొంతు కారంతా వినపడింది. "అలాగే. అప్పటిదాకా గుడిసెకి రా. వైనోకి ఉల్లిపాయలు తరిగేవాడు లేడు. నువ్వెప్పుడైనా గుడిసెకి వస్తే ఏమని పిలవాలో ఎన్నాళ్ళ కిందటో ఆలోచించి పెట్టుకున్నాడట."

"పిలవమను" అన్నాడు ఔలిస్. సిల్యాకి నవ్వాగక స్టీరింగ్ మీద తల వాల్చబోయి సర్దుకుంది.

*

ఆదివారం పొద్దున హిల్కా కాఫీ కప్పు పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చి ఆగింది. చెప్పకుండా చేసిన పనిని చెప్పి చేయడం ఆమెకి కొత్త.

"ఎటువైపు పెట్టను?"

"ఎడమవైపే" అన్నాడు ఔలిస్.

కప్పు పెట్టింది. తన కప్పు తీసుకుని బల్ల చుట్టూ తిరిగి, నలభై ఏళ్ళుగా కూర్చుంటున్న కుడిపక్క కుర్చీలో కూర్చోబోయింది. ఔలిస్ చెయ్యి చాపి, తడుముకుని, ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఆ కుర్చీ కూడా ఇటు తెచ్చుకో హిల్కా. ఈస్టర్ నుంచి కాఫీ తాగేటప్పుడు నువ్వు నాకు కనపడటం లేదు."