రెండో గొంతు

"మీరు నా మీదికెక్కేస్తున్నారు!" అంది కళ్లజోళ్ల షాపు అమ్మాయి, మొదటి రోజే.

"నేను కాదండీ, నా వరస ఎక్కుతోంది. అయిదొందల ఏళ్ల కిందట రాసినాయన్ని అడగండి," అన్నాడు లిఫ్టులు బాగుచేసే అబ్బాయి.

"అక్కడ మగగొంతు ఆడగొంతుకన్నా పైకి వెళ్లి దిగుతుంది. అదే అందం," అంది పాట నేర్పే టీచరమ్మ. "పాట ముందు. పోట్లాట తర్వాత."

నలుగురే వాళ్లు. కుట్టుమిషన్ల షాపు మేడ మీద గది. రాజుల కాలంనాటి యూరప్ పాటలు, నలుగురూ నాలుగు వరసల్లో ఒకేసారి పాడేవి.

కళ్లజోళ్ల షాపు అమ్మాయిది రెండో గొంతు. పై గొంతుకి రాగం, కింది గొంతుకి బరువు. రెండో గొంతుకి మిగిలిందే. ఇంట్లో ఒక్కతే సాధన చేస్తే నాలుగు స్వరాలు, కాస్త మౌనం, మళ్లీ అవే స్వరాలు. ఒకసారి పక్కింటావిడ తలుపు తట్టింది. "ఒంట్లో బాగాలేదా అమ్మాయ్?"

అమ్మ పోయాక ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడింది ఆవిడొక్కతే.

ఇంతలో కంపెనీ ఆ లిఫ్టుల అబ్బాయిని వేరే ఊరు పంపింది, కొత్త ఆసుపత్రికి లిఫ్టులు బిగించడానికి. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్లిద్దరికీ ఫోన్లో సాధన మొదలైంది. ఫోన్లో గొంతు కాస్త ఆలస్యంగా చేరేది. అతను ఆమె కోసం ఆగేవాడు. అది విని ఆమె ఇంకాస్త ఆగేది. మీరు ముందంటే మీరు ముందని, పాట ఎడ్లబండిలా ఈడ్చుకుంటూ వెళ్లి నడిదారిలో నిలిచిపోయేది. ఇద్దరూ నవ్వేవారు. ఆ నవ్వులూ కలిసేవి కావు.

ఆ ఆదివారం వాన.

"ఇక్కడే ఉండిపొమ్మంటున్నారండీ, పర్మనెంటుగా. రేపు చెప్పాలి. ఏం చెప్పమంటారు?"

వద్దనాలనుంది ఆమెకి. నోటికి మాత్రం, "మీ ఇష్టం. మంచి అవకాశం కదా," అనే వచ్చింది.

"అంతేనా?"

"అంతే."

"టీచరమ్మకి ఇంకో గొంతు దొరుకుతుందిలెండి."

"దొరకొచ్చు."

"సరే, పాడదాం."

పాడారు. పాట ఎప్పట్లాగే నిలిచిపోయింది. ఎవరూ నవ్వలేదు. కిటికీ మీద వాన, ఫోన్లో అతని ఊపిరి. ఇప్పుడు ఫోన్ పెట్టేస్తే అతని కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. తను వాళ్లతోనూ పాడేస్తుంది. అది తలుచుకుంటేనే ఆమెకి భయమేసింది.

"మళ్లీ మొదట్నుంచి," అంది. "ఈసారి మీ కోసం ఆగను."

"అదేం పాటండీ, ఎవరి దారి వాళ్లదా?"

"ఇద్దరం ఆగితే అడుగు పడ్డంలేదుగా!"

పాడింది. అతను తడబడ్డా, వెనకబడ్డా ఆగలేదు. చివరి స్వరం దాకా పాడి, ఆ ఊపులోనే అనేసింది. "ఉండిపోకండి. వచ్చేయండి. టీచరమ్మ కోసం కాదు, నాకోసం."

అవతల చప్పుడు లేదు. ఫోన్ ఆలస్యమేమో అనుకుంది. ఇంత ఆలస్యం ఏ ఫోన్లోనూ ఉండదు.

"వింటున్నారా?"

"వింటున్నా. ఈ మాట ఎప్పుడంటారా అనే ప్రతి ఆదివారం ఫోన్ చేస్తున్నా," అన్నాడతను. "వచ్చేస్తా. కానీ మా అమ్మకి ఏమని చెప్పను? వచ్చిన రోజే నాతో తగువేసుకున్న పిల్ల అనా?"

"ఆవిడ నంబరివ్వండి," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. "మీరు చెప్పేదాకా ఎవరాగుతారు? నేనే చెప్పుకుంటా."